సాయంత్రమైతే మోగే అలారం (పిల్లలకు ఉత్తరం)

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో మీరడిగిన ప్రశ్నకి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. “ఓడ నడిపేది కెప్టెన్ కదా తాతయ్యా, మరి నువ్వు అన్నేళ్లూ అందులో ఏం చేశావు?” అంటే, “లైట్లు బాగుచేశాను” అని నవ్వేసి తప్పించుకున్నాను. అబద్ధమేం కాదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అన్నేళ్ల పనిని ఒక్క ముక్కలో తేల్చేశానే అనిపించింది. పైగా మీలో పెద్దాడు ఈ ఓడ చదువు వైపు చూస్తున్నాడని మీ అమ్మ చెప్పింది. అందుకని కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

ఓడ అనగానే మీకు గుర్తొచ్చేది పైనున్న డెక్కూ, అద్దాల గదిలో నిలబడ్డ కెప్టెనూ. మా లోకమంతా కింద. ఇనప మెట్లు దిగుతున్నకొద్దీ వేడి పెరుగుతుంది, మాట వినపడటం తగ్గుతుంది. ఇంజిన్ రూమ్‌లో శబ్దం 110 డెసిబెల్స్ దాటకూడదని అంతర్జాతీయ నియమం. దాటకపోయినా సరే, చెవులకి కప్పులు లేకుండా అక్కడ నిలబడకూడదు. మేం మాట్లాడుకునేది చేతి సైగలతోనూ, టార్చిలైటు ఆడించీను.

పెద్ద సరుకు ఓడల్లో ప్రధాన ఇంజిన్ మూడు నాలుగు అంతస్తుల ఇల్లంత ఉంటుంది. అంత పెద్దది ఎంత వేగంగా తిరుగుతుందనుకున్నారు? నిమిషానికి ఎనభయ్యో, నూరో చుట్లు. సీలింగ్ ఫ్యాను దానికంటే జోరుగా తిరుగుతుంది. మధ్యలో గేర్లుండవు, ప్రొపెల్లర్‌ని ఇంజినే నేరుగా తిప్పుతుంది. మరి ఓడ వెనక్కి వెళ్లాలంటే? ఇంజిన్‌ని ఆపేసి, 30 బార్ల దాకా, అంటే మామూలు గాలి ఒత్తిడికి సుమారు ముప్పై రెట్లు, ఒత్తిపెట్టి దాచిన గాలిని సిలిండర్లలోకి వదిలి, మొత్తం ఇంజిన్‌నే ఎదురు దిక్కుకి తిప్పి మొదలుపెడతారు. మొదటిసారి చూసినప్పుడు నేను నోరు తెరుచుకుని నిలబడిపోతే, మా సెకండ్ ఇంజినీరు గారు వచ్చి గడ్డం పట్టుకుని మూశారు.

దాని చుట్టూ కరెంటు కోసం జనరేటర్లు, నూనెలోంచి నీటినీ మడ్డినీ విడదీసే ప్యూరిఫయర్లు, లెక్కలేనన్ని పంపులు, ఉప్పునీళ్లని మంచినీళ్లు చేసే యంత్రం. ఈ చివరిది నాకు ముద్దు. లోపలి గాలిని లాగేసి ఒత్తిడి తగ్గిస్తే నీళ్లు 50 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ఇంజిన్‌ని చల్లార్చి వచ్చే నీళ్ల వేడే దానికి చాలు, వేరే మంట అక్కర్లేదు.

ఇంజినీర్లు, ఫిట్టర్లు, మోటర్‌మ్యాన్‌లు ఇనుము సంగతి చూసుకుంటారు: బేరింగులు, వాల్వులు, పిస్టన్లు. నాలాంటివాళ్లు తీగల సంగతి చూస్తారు. మమ్మల్ని ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్లంటారు. ఓడ సిబ్బంది శిక్షణకి ప్రపంచమంతటికీ కలిపి 1978లో ఒక ఒప్పందం చేసుకున్నారు, దాన్నే ఎస్‌టీసీడబ్ల్యూ అంటారు. మా ఉద్యోగానికి అందులో సొంత చోటు దొరికింది 2010లో, మనీలాలో దాన్ని సవరించినప్పుడు. అప్పటిదాకా మేం ఇంజినీర్లలో కలిసిపోయి ఉండేవాళ్లం. కాగితం మీద గీత ఉంది గానీ పనిలో అంత గీత ఉండదు. మోటారు వేడెక్కితే తప్పు తీగలోనూ ఉండొచ్చు, బేరింగులోనూ ఉండొచ్చు. చెయ్యి పెట్టి చూసినప్పుడే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీరనుకున్నట్టు ఈ పని బాగుచెయ్యడం కాదురా. బాగుచెయ్యడం పావు వంతు. ముప్పావు వంతు వెతకడం.

ఒక ఉదాహరణ. ఇంజిన్‌లో నూనె ఒత్తిడి ఎంతుందో కొలిచే సెన్సర్, ఆ అంకెని సన్నని కరెంటుగా మార్చి పైకి పంపుతుంది. ఒత్తిడి సున్నా అయితే 4 మిల్లీ ఆంపియర్లు, నిండుగా ఉంటే 20. సున్నాకి సున్నానే పంపొచ్చుగా, 4 ఎందుకు? ఈ ప్రశ్న వేసుకున్నవాడే మా పనికి పనికొస్తాడు. జవాబు చెబుతాను: తీగ తెగిపోయిందనుకోండి, అప్పుడూ సున్నానే వస్తుంది. నిజంగా ఒత్తిడి పోయిందా, తీగ పోయిందా అన్నది తేలదు. ఒత్తిడి లేనప్పుడు కూడా 4 వస్తుంటే, ఇక సున్నా కనపడిన క్షణాన తీగదే తప్పని తెలిసిపోతుంది. ఎవరు కనిపెట్టారో గానీ, ఆ తెలివికి నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను. అలారం మోగినప్పుడల్లా మా మొదటి అనుమానం ఇదే: చెడింది యంత్రమా, యంత్రం గురించి చాడీ చెప్పే సెన్సరా? అలాగని సెన్సరే అని కొట్టిపారేస్తే కొంప మునుగుతుంది. మా విషయంలో ఆ సామెత అక్షరాలా నిజం.

వెతకడమంటే ఏమిటో నా కథే ఒకటి చెబుతాను. ఓడలో కరెంటు ఇంట్లో లాంటిది కాదు. సాధారణంగా తీగల్లో దేన్నీ కావాలని ఓడ ఇనుముకి కలపరు. ఎక్కడో ఒక తీగ పై తొడుగు చెడి ఇనుముకి తగిలినా కరెంటుకి తిరిగొచ్చే దారి లేదు కాబట్టి ఏదీ ఆగిపోదు. చుక్కాని తిప్పే మోటారు లాంటివి నడిసముద్రంలో ఆగకూడదని ఆ ఏర్పాటు. తీగ ఇలా ఇనుముకి తగలడాన్ని ఎర్త్ ఫాల్ట్ అంటాం. మొదటి దానితో వెంటనే పెద్ద ప్రమాదం లేదు. కానీ అది ఉండగానే వేరే ఫేజులో (కరెంటు మోసే మూడు తీగల్లో ఇంకోదాంట్లో) రెండోది వచ్చిందా, షార్ట్ సర్క్యూటే. అందుకని మొదటిదాన్ని అప్పుడే పట్టుకోవాలి. కరెంటు పంచే స్విచ్‌బోర్డు మీద ఫేజుకొకటి చొప్పున మూడు చిన్న దీపాలుంటాయి. అన్నీ ఒకేలా వెలుగుతుంటే క్షేమం. ఒకటి మసకబారి, మిగతా రెండూ మిలమిల్లాడుతుంటే, ఆ మసకబారిన ఫేజులో దొంగ దూరాడన్నమాట.

ఒక ఓడలో లైటింగ్ బోర్డు మీద అలాంటి మూడు దీపాల్లో మధ్యది రోజూ సాయంత్రం మసకబారేది, అలారం మోగేది. పొద్దున్నే మళ్లీ మామూలే. రెండు రోజులు నన్ను అలాగే ఆడించింది. మూడో రోజు కూర్చుని ఆలోచించాను: సాయంత్రమే ఎందుకు? సాయంత్రమే వేసే స్విచ్‌లు ఏవి? డెక్కు మీది లైట్లు. ఆ పూట బ్రిడ్జికి, అదే, ఓడ నడిపే అద్దాల గదికి ఫోన్ చేసి అనుమతి అడిగి, మోటర్‌మ్యాన్‌ని బోర్డు ముందు నిలబెట్టి, వాకీటాకీ పట్టుకుని నేను ఒక్కొక్క లైటే ఆపుకుంటూ ముందుకి నడిచాను. “దీపం?” అంటే “మసకే” అంటాడు. ఇంకోటి. “మసకే.” ఓడ ముక్కు దగ్గరున్న ఫ్లడ్‌లైటు ఆపగానే “వచ్చేసింది సార్!” అని అరిచాడు. తీగలు విడదీసి మెగ్గర్ (తీగ తొడుగు, అంటే ఇన్సులేషన్, ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) పెట్టాను. అంకె మెగాఓముల్లో, అంటే పది లక్షల ఓముల లెక్కలో ఉండాల్సింది, ముల్లు సున్నా దగ్గర పడుకుంది. మూత విప్పితే లోపల అరకప్పు ఉప్పునీళ్లు. నీళ్లు దూరకుండా మూత కింద వేసే రబ్బరు గాస్కెట్ ఒకచోట మెలిపడి ఉంది. మూడు నెలల కిందట ఆ లైటుకి బల్బు మార్చినవాడు దాన్ని సరిగ్గా కూర్చోబెట్టకుండా మూత బిగించేశాడు. లాగ్ పుస్తకం తిరగేస్తే సంతకం నాదే.

చీఫ్ ఇంజినీర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, “మిగతా మూతలన్నీ నువ్వే చూడు” అన్నారు. నలభై ఆరు మూతలు. నాలుగు రోజులు పట్టింది.

ఇంత చిన్నదానికి ఇంత కథేమిటి అంటారేమో. 2024 మార్చి 26 తెల్లవారుజామున అమెరికాలోని బాల్టిమోర్ రేవు నుంచి బయల్దేరిన డాలి అనే కంటైనర్ ఓడలో కరెంటు పోయింది. సుమారు 300 మీటర్ల ఓడ అదుపు తప్పి వెళ్లి ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన స్తంభానికి గుద్దుకుంది. వంతెన కూలి, దాని మీద రోడ్డు పని చేస్తున్న ఆరుగురు చనిపోయారు. అక్కడి దర్యాప్తు సంస్థ ఏడాదిన్నర పైగా వెతికి, 2025 నవంబర్‌లో మొదటి కారణం చెప్పింది: స్విచ్‌బోర్డులో ఒక వదులు తీగ. దాని పేరు రాసి తొడిగిన చిన్న పట్టీ అడ్డుపడి, తీగ కొస టెర్మినల్‌లోకి (తీగని బిగించే చోటులోకి) పూర్తిగా దిగలేదు. బయటినుంచి చూస్తే బిగిసినట్టే ఉంటుంది. మొదటి ఓడలో నాకు నేర్పిన పెద్దాయన, తీగ బిగించిన ప్రతిసారీ రెండు వేళ్లతో పట్టుకుని ఒకసారి మెల్లిగా లాగి చూడమనేవారు. లాగితే ఊడొచ్చిందా, నయం, ఇప్పుడే ఊడింది. అప్పట్లో ఆయన చాదస్తం అనుకున్నాను.

కరెంటు పోయినప్పుడు ఓడలో ఎలా ఉంటుందో చెప్పమని చిన్నది అడిగింది కదా. చీకటి కాదమ్మా ముందు తెలిసేది, నిశ్శబ్దం. నెలల తరబడి చెవిలో ఉన్న హోరు ఒక్కసారి తగ్గిపోతుంది. నిద్రలో ఉన్నవాళ్లు కూడా లేచి కూర్చుంటారు, శబ్దం లేక. అత్యవసర జనరేటర్ 45 సెకన్లలోపు తనంతట తాను మొదలై కరెంటు ఇవ్వాలని నియమం. ఆ కాసేపూ మనసులో అంకెలు లెక్కపెడతాం. వారం వారం దాన్ని నడిపించి చూసేది ఆ కాస్త సేపటి కోసమే.

భయపెట్టాలని కాదు గానీ ప్రమాదాల మాటా చెప్పాలి. ఏ మోటారు మీద చెయ్యి వేసేముందైనా దాని బ్రేకర్ ఆపి, తాళం వేసి, బోర్డు తగిలించి, తీగలో కరెంటు లేదని మీటరుతో చూసుకోవాలి. నేను పాత పద్ధతిలో ఫ్యూజులు పీకి జేబులో వేసుకునేవాణ్ణి. నా జేబులోంచి తీసి వేసే ధైర్యం ఎవరికీ లేదు. రెండోది, మూసి ఉన్న ట్యాంకులు. ఇనుము తుప్పు పడుతూ లోపలి ఆక్సిజన్‌ని తినేస్తుంది. వాసన ఉండదు, రంగుండదు. దిగినవాడు రెండు మెట్లకే కూలిపోతాడు. వాణ్ణి కాపాడదామని పరుగెత్తి దిగినవాడూ పోతాడు. గాలి కొలవకుండా, అనుమతి కాగితం లేకుండా ఎవరు దిగమన్నా దిగొద్దు. చీఫ్ చెప్పినా సరే.

ఇక దారి. పద్దెనిమిదేళ్లు నిండాలి. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ చదువుతో పాటు వర్క్‌షాపు పనీ, ఓడలో పనీ కలిపి కనీసం 12 నెలల శిక్షణ, అందులో కనీసం 6 నెలలు సముద్రం మీద. మంటలార్పడం, నీళ్లలో పడితే బతకడం, ప్రథమ చికిత్స ముందే నేర్పిస్తారు. వెయ్యి వోల్టులు దాటిన ఓడలుంటాయి, దానికి విడిగా నేర్చుకోవాలి. ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బు అడిగినవాడి మొహం మళ్లీ చూడొద్దు. ఓడ కార్మికుల కోసం 2006లో చేసిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఉద్యోగం చూపించినందుకు మీ దగ్గర రుసుము తీసుకోకూడదు. పాస్‌పోర్టు, వైద్య పరీక్ష లాంటి ఖర్చులు మాత్రమే మీవి. రోజులో కనీసం పది గంటల విశ్రాంతి ఇవ్వాలని కూడా రాసి ఉంది. రేవులో పని ముమ్మరంగా ఉన్నప్పుడు ఆ పది గంటలు కాగితం మీదే నిద్రపోతాయి, అదీ చెప్పకపోతే తప్పవుతుంది.

నెలల తరబడి ఇంటికి దూరం. మీ నాన్న నడవడం మొదలుపెట్టింది నేను చూడలేదు, తిరిగొచ్చేసరికి పరుగెడుతున్నాడు. ఈ లెక్క ఎవరికి వాళ్లు వేసుకోవాల్సిందే, నేను వేసి పెట్టలేను.

పెద్దాడా, ఫారాలు నింపేముందు ఒక పని చెయ్యి. కంటి డాక్టర్ దగ్గరికెళ్లి రంగుల పరీక్ష చేయించుకో, అదే, రంగు చుక్కల మధ్య దాగిన అంకెలు చదివించే పుస్తకం ఉంటుంది చూడు. తీగల రంగులూ, దీపాల రంగులూ తేడా తెలియకపోతే మా పనికి వైద్య ధ్రువపత్రం ఇవ్వరు. నాతో చదివినవాళ్లలో ఒకడు అన్ని పరీక్షలూ గట్టెక్కి, చివరికి ఆ చుక్కల దగ్గర ఆగిపోయాడు. ఏమన్నారో నాకు వెంటనే రాయి. అన్నీ బాగుంటే నా పాత మెగ్గర్ అటకమీది పెట్టెలో ఉంది, దాన్ని దింపి తుడిచి ఉంచుతాను.

ఇట్లు,
మీ తాతయ్య