కన్జర్వేటివ్ టాక్ రేడియో: 1987కి ముందు, తర్వాత

అమెరికాలో కారులో ఏఎం బ్యాండ్ తిప్పుతూ పోతే చాలా ఊళ్లలో వినిపించేది కన్జర్వేటివ్, అంటే సంప్రదాయవాద రాజకీయాల టాక్ రేడియోనే. ఒకాయన గంటలకొద్దీ రాజకీయాలు, చర్చి, చరిత్ర అన్నీ కలిపి మాట్లాడతాడు, మధ్యమధ్యలో శ్రోతల ఫోన్లు తీసుకుంటాడు. ఇండియాలో ప్రైవేట్ ఎఫ్‌ఎంలకు సొంతంగా వార్తలు ప్రసారం చేసే అనుమతే లేదు కాబట్టి మనవాళ్లకు ఇది వింతగానే ఉంటుంది. ఇదంతా 1987లో, అధ్యక్షుడు రీగన్ హయాంలో, ఒక నిబంధన ఎత్తేయడం వల్లే వచ్చిందని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నన్నడిగితే అది సగం కథే.

ఆ నిబంధన పేరు ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్. ప్రసారాలను నియంత్రించే ఎఫ్‌సీసీ 1949లో తెచ్చింది. స్టేషన్లు వివాదాస్పదమైన ప్రజా సమస్యల గురించి మాట్లాడాలి, మాట్లాడినప్పుడు అవతలివైపు వాదనకూ చోటివ్వాలి. వినడానికి ఎంతో న్యాయంగా ఉంది కదా, అమల్లో మాత్రం దెబ్బ ఎక్కువగా చిన్న స్టేషన్లకే తగిలింది.

పెన్సిల్వేనియాలో రెడ్ లయన్ అనే చిన్న ఊరుంది. 1964లో అక్కడి స్టేషన్ బిల్లీ జేమ్స్ హార్గిస్ అనే పాస్టర్ చేసిన 15 నిమిషాల కార్యక్రమం వేసింది. అందులో ఆయన ఫ్రెడ్ కుక్ అనే జర్నలిస్టును తిట్టిపోశాడు. జవాబు చెప్పుకోవడానికి తనకు ఉచితంగా టైమ్ ఇవ్వాలని కుక్ అడిగాడు, డబ్బు కట్టి చెప్పుకోమంది స్టేషన్. గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది, 1969లో కోర్టు ఏకగ్రీవంగా ఎఫ్‌సీసీ వైపే తీర్పిచ్చింది. అదే రాష్ట్రంలో కార్ల్ మెకింటైర్ అనే మరో పాస్టర్ వర్గానికి చెందిన స్టేషన్ ఇదే నిబంధన గొడవలో లైసెన్సే పోయి 1973లో మూతపడింది. పట్టు వదలని ఆ పెద్దమనిషి న్యూజెర్సీ తీరానికి దూరంగా ఓ ఓడ మీద ట్రాన్స్‌మిటర్ పెట్టి ప్రసారం మొదలుపెట్టాడు కానీ అది ఎక్కువ సేపు సాగలేదు. ప్రభుత్వం మన నోరు నొక్కుతోందన్న కోపం కన్జర్వేటివ్ శ్రోతల్లో అంత లోతుగా పాతుకుపోయిందంటే, ఇలాంటివి వాళ్ల కళ్లముందే జరిగాయి మరి. హార్గిస్, మెకింటైర్ మాట్లాడినదాంట్లో నేను సమర్థించేది దాదాపు ఏమీ లేదు, అయినా లైసెన్సు చూపించి మాట ఆపించడం తప్పే.

రెండో సగం వ్యాపారం. 1970ల చివరికల్లా పాటలు వినేవాళ్లంతా శబ్దం శుభ్రంగా వచ్చే ఎఫ్‌ఎంకి వెళ్లిపోయారు, ఏఎం స్టేషన్లకు ఏం వేసుకోవాలో తెలియని పరిస్థితి. శాక్రమెంటోలో పేరు తెచ్చుకున్న కన్జర్వేటివ్ రేడియో హోస్ట్ రష్ లింబా 1988 ఆగస్టులో న్యూయార్క్ నుంచి 56 స్టేషన్లతో దేశమంతటికీ మాట్లాడటం మొదలుపెట్టాడు. స్టేషన్లు కార్యక్రమానికి డబ్బిచ్చే పని లేదు, కొన్ని నిమిషాల యాడ్ టైమ్ వదిలేస్తే చాలు. నష్టాల్లో ఉన్న స్టేషన్ ఓనరుకి అంతకంటే ఏం కావాలి? శాటిలైట్ వచ్చింది, టోల్‌ఫ్రీ నంబర్లొచ్చాయి, ఏ మారుమూల శ్రోతైనా లైన్లోకి రాగలిగాడు. 1994లో కన్జర్వేటివ్‌ల పార్టీ అయిన రిపబ్లికన్లు 40 ఏళ్ల తర్వాత ప్రతినిధుల సభ గెలిచినప్పుడు కొత్త సభ్యులు లింబాను తమ గౌరవ సభ్యుడిగా చేసుకున్నారు.

నాకు అసలు బాధ కలిగించేది ఆ తర్వాతి సంగతి. 1996 టెలికాం చట్టం ఒక కంపెనీ దేశం మొత్తమ్మీద ఇన్ని స్టేషన్లే ఉంచుకోవాలన్న పరిమితిని తీసేసింది. క్లియర్ ఛానల్ అనే ఒక్క కంపెనీ చేతిలోకి 1,200కి పైగా చేరాయి. ఊరూరా ఉన్న లోకల్ హోస్టులు, వాళ్లలో కన్జర్వేటివ్‌లు కూడా, ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, అన్నిచోట్లా అవే నాలుగైదు గొంతులు మిగిలాయి. 2002 జనవరిలో నార్త్ డకోటాలోని మైనాట్ దగ్గర రైలు పట్టాలు తప్పి అమ్మోనియా లీకైన రాత్రి, ఆ ఊళ్లోని ఆరు కమర్షియల్ స్టేషన్లూ ఈ కంపెనీవే. జనాన్ని హెచ్చరించమని పోలీసులు ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు దొరకలేదని ఆరోపణ, అలర్ట్ పరికరాలు సరిగ్గా పెట్టుకోనిది పోలీసులేనని కంపెనీ వాదన.

కొత్త కార్లన్నిటిలో ఏఎం రేడియో ఉండాలంటూ 2023లో రెండు పార్టీలవాళ్లూ కలిసి కాంగ్రెస్‌లో బిల్లు పెట్టారు, చెప్పే ముఖ్యకారణం విపత్తు హెచ్చరికలే. కార్లో రేడియో ఉంచమని అడుగుతున్నవాళ్లు, అర్ధరాత్రి స్టూడియోలో ఫోన్ ఎత్తే మనిషిని ఉంచమని కూడా ఆ స్టేషన్ల ఓనర్లను అడగాలి.