చెన్నై తీరంలో నౌకాదళ ఓడల మరమ్మతు: ప్రభుత్వ పెట్టుబడిపై అపోహలు - వాస్తవాలు

ఉత్తర చెన్నైలో, తిరువొత్తియూరు దాటాక, ఓడల వాల్వులూ పంపులూ విప్పి బాగుచేసే చిన్న వర్క్‌షాపు నాది. పెద్ద యార్డుల కింద సబ్ కాంట్రాక్టు పనులు చేయడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. కిందటి ఏడాది నాలాంటి చిన్న యూనిట్ల వాళ్ళం కొందరం కలిసి, ఈ తీరంలో నౌకాదళ, తీరరక్షక దళ ఓడల మరమ్మతు పరిశ్రమకు ప్రభుత్వం పెట్టుబడి పెట్టాలని కోరుతూ ఒక వినతిపత్రం రాయడానికి కూర్చున్నాము. ఆ పని మీద కార్యాలయాలకూ బ్యాంకులకూ తిరిగినప్పుడు, చివరకు ఇంట్లో బంధువుల మధ్య కూడా, మాకు వినిపించిన అభిప్రాయాల్లో సగం పొరపాటువే. వాటిలో రెండు మూడు మా వినతిపత్రం తొలి ప్రతిలోనే ఉన్నాయని తరువాత తెలిసింది.

అపోహ: ఓడ మరమ్మతు అంటే వెల్డింగూ రంగూ, అంతే.

గేటు బయట నిలబడి చూసేవారికి నిప్పురవ్వలూ రంగు డబ్బాలూ తప్ప మరేమీ కనిపించవు కనుక ఈ మాటను తప్పుపట్టలేము. అయితే ఆ రంగు సంగతే ముందు చూద్దాము. ఓడ అడుగుభాగాన్ని బ్లాస్టింగ్ చేసి, అంటే గరుకు రేణువులను వేగంగా చిమ్మి, ఉక్కు తెల్లబడేదాకా శుభ్రం చేశాక, గాలిలో తేమ 85 శాతం మించకుండా, ఉక్కు ఉష్ణోగ్రత గాలిలోని ఆవిరి నీటి చుక్కలుగా మారే స్థాయి (డ్యూ పాయింట్) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువగా ఉంటేనే తొలి పూత వేయనిస్తారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాల వానలు కురిసే చెన్నైలో ఇలాంటి గంటలు రోజుకు ఎన్ని దొరుకుతాయో ఊహించుకోవచ్చు. ఉదయం బ్లాస్టింగ్ చేసిన ప్లేటు మధ్యాహ్నం జల్లుకు తుప్పు పూసి ఎర్రబడితే సాయంత్రం మళ్ళీ మొదటినుంచి చేయాలి. అందుకే మేము అడుగుతున్నవాటిలో పైకప్పు ఉన్న పెయింట్ షెడ్డు ముందు వరుసలో ఉంది. ఒక అధికారి దానిని విలాసమన్నట్టు చూశారు కానీ, మాకు అది ఏడాదిలో మూడు నెలల పనికి సంబంధించిన విషయం.

యుద్ధనౌక దగ్గరకు వస్తే చిక్కు ఇంకా పెరుగుతుంది. సరుకు ఓడ ఇంజిన్ గదిలో మనిషి నడవగలడు, యుద్ధనౌకలో మాత్రం ఒక పంపును బయటికి తీయాలంటే దాని ముందున్న పైపులు, పైనున్న కేబుల్ ట్రేలు, పక్కనున్న ప్యానెల్ విప్పి, ఒక్కొక్కదానికీ చీటీ కట్టి, తిరిగి అదే వరుసలో బిగించాలి. ఓడ ఒంటికి వాడే ఉక్కు కూడా వేరు. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనాశాల డీఎంఆర్‌ఎల్ రూపొందించిన డీఎంఆర్ 249ఏ వంటి ఉక్కును అతకడానికి పరీక్ష నెగ్గిన వెల్డరు, ఆమోదం పొందిన ఎలక్ట్రోడు ఉండాలి. యుద్ధనౌకను నడిపే ఎల్ఎం 2500 వంటి గ్యాస్ టర్బైన్ ఇంజిన్ విషయమైతే బెంగళూరులోని హెచ్ఏఎల్ విభాగం దాకా వెళుతుంది. పెట్టుబడి అనగానే అందరి కళ్ళముందూ కాంక్రీటే మెదులుతుంది, కానీ అసలు ఖర్చు ఈ అర్హతల్లోనూ పరీక్షా పరికరాల్లోనూ ఉంటుంది.

అపోహ: పక్కనే విశాఖ ఉండగా చెన్నైకి ఎందుకు?

మన తెలుగువాళ్ళ దగ్గర తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఇది. సంక్రాంతికి గాజువాక నుంచి వచ్చిన మా మేనల్లుడు భోజనాల దగ్గరే అడిగేశాడు. "మావయ్యా, మా ఊళ్ళో హిందుస్థాన్ షిప్‌యార్డు ఉంది, నేవల్ డాక్‌యార్డు ఉంది. మీరు అడిగే డబ్బేదో అక్కడే పెడితే పోదా?" వాడి ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. వాల్‌చంద్ హీరాచంద్ 1941లో స్థాపించిన హిందుస్థాన్ షిప్‌యార్డు అది, 1948లో జల ఉష అనే ఓడ నీటిలోకి దిగింది అక్కడే, 2010 నుంచి రక్షణ మంత్రిత్వ శాఖ కిందే నడుస్తున్నది. తూర్పు నౌకాదళ కమాండ్ ఉన్నదీ విశాఖలోనే. కనుక పెద్ద యుద్ధనౌకలూ జలాంతర్గాములూ విశాఖను వదిలి ఇక్కడికి రావాలని మేము అడగడం లేదు, అడిగితే నవ్విపోతారు.

మా వాదన చిన్న ఓడల గురించి. తీరరక్షక దళం తూర్పు ప్రాంత ప్రధాన కార్యాలయం చెన్నైలోనే ఉంది, గస్తీ నౌకలు ఈ తీరంలోనే తిరుగుతున్నాయి. ఓడను నిలిపి నీళ్ళు తోడేసి బాగుచేసే చోటే డాక్. డాక్ ఎక్కిన ఓడ ఎన్ని రోజులు అక్కడ ఉంటే అన్ని రోజులు ఆ డాక్ మరొకదానికి దొరకదు కనుక, పెద్ద ఓడల కోసం కట్టిన డాక్‌లో చిన్న ఓడలను వరుసలో నిలబెట్టడం రెంటికీ నష్టమే. దేశంలో డాకులకు కొరత లేదనుకునేవారు ఇంకొక విషయం కూడా గమనించాలి. రక్షణ రంగంలోని మజగావ్ డాక్ సంస్థ కొలంబో డాక్‌యార్డులో కనీసం 51 శాతం వాటా కొంటున్నట్టు 2025 జూన్‌లో ప్రకటించింది. ఇంత చెప్పినా మా మేనల్లుడు పూర్తిగా ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

అపోహ: అమెరికా ఓడలే మరమ్మతుకు వస్తున్నాయి కదా, ఇక ప్రభుత్వ డబ్బు ఎందుకు?

అమెరికా నౌకాదళానికి చెందిన చార్లెస్ డ్రూ 2022 ఆగస్టులో చెన్నైకి ఉత్తరాన కాట్టుపల్లిలోని ఎల్ అండ్ టీ యార్డుకు వచ్చిన రోజు మా అందరికీ గర్వకారణమే. ఆ దేశ నౌకాదళ ఓడ భారతదేశంలో మరమ్మతు చేయించుకోవడం అదే మొదటిసారి. 2023లో మాథ్యూ పెర్రీ, సాల్వర్ వచ్చాయి, ఆ ఏడాదే ఎల్ అండ్ టీకి అమెరికా నౌకాదళంతో ఓడల మరమ్మతుకు మాస్టర్ షిప్ రిపేర్ ఒప్పందం కుదిరింది. 2024 మార్చిలో బ్రిటిష్ వారి ఆర్గస్, లైమ్ బే కూడా అక్కడే ఆగాయి.

అయితే వచ్చిన ఓడలు ఏమిటో చూడాలి. అవి సరుకులు, సామగ్రి మోసే, సహాయం అందించే ఓడలు, యుద్ధనౌకలు కావు. చార్లెస్ డ్రూ ఇక్కడ ఉన్నది 11 రోజులు. ప్రయాణం మధ్యలో ఆగి చేయించుకునే ఇలాంటి మరమ్మతుకూ, ఓడను నెలల తరబడి విప్పి పెట్టే రీఫిట్‌కూ చాలా తేడా ఉంది. ఓడను నీటిలోంచి పైకి లేపే కాట్టుపల్లి షిప్‌లిఫ్ట్ సుమారు 21 వేల టన్నులు ఎత్తగలదు, అది ఒక పెద్ద ప్రైవేటు సంస్థ తన బలంతో కట్టుకున్నది. దానిని చూపించి ఈ తీరంలోని పరిశ్రమ అంతా నిలదొక్కుకుందని చెప్పడం, వీధి చివర పెద్దాయన మేడ చూసి ఆ వీధివాళ్ళందరూ ధనవంతులని తేల్చేయడం వంటిదే.

అపోహ: డ్రై డాక్ ఒకటి కట్టిస్తే పని దానంతట అదే వస్తుంది.

మా తొలి ప్రతి మొత్తం ఈ నమ్మకం మీదే నడిచింది. దానిని ఎందుకు మార్చుకున్నామో చెప్పాలంటే ఒక ఓడ సంగతి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట ఒక గస్తీ నౌక డాక్ ఎక్కింది. నీళ్ళు తోడేశాక ఓడను మోసే కీల్ బ్లాకుల మధ్య నుంచి వంగి నడుస్తూ అడుగు ప్లేట్ల మందం చూసుకుంటూ వెళ్ళాము. అక్కడ వేసినప్పటి మందం 8 మిల్లీమీటర్లు. గేజి 7.6 చూపింది, 7.4 చూపింది, సముద్రపు నీరు లోపలికి తీసుకునే సీ చెస్ట్ దగ్గరకు రాగానే ఒక్కసారిగా 5.2కు పడిపోయింది. ఉక్కుకు బదులు తానే తుప్పు పట్టేందుకు అక్కడ ఉండవలసిన జింకు దిమ్మ పూర్తిగా కరిగిపోయి బోల్టు మాత్రమే మిగిలింది. ఆ ప్లేటు కోసి కొత్తది వేయాలి. దాని వెనక ఇంధన ట్యాంకు ఉంది కనుక ముందు దానిని ఖాళీ చేసి, కడిగి, గ్యాస్ ఫ్రీ సర్టిఫికెట్ తెచ్చుకుంటే తప్ప నిప్పుతో చేసే పనికి అనుమతి, హాట్ వర్క్ పర్మిట్, ఇవ్వరు. ఆ పక్కన పోయే కేబుళ్ళు జరపాలి. ముందుగా రాసుకున్న లోపాల జాబితాలో, డిఫెక్ట్ లిస్టులో, ఈ పని లేదు. లేని పనికి అదనపు మంజూరు రావాలి, అది వచ్చేదాకా ఓడ డాక్‌లోనే, మా మనుషులు ఖాళీగా, పని చేయడానికి నిలబడే అద్దె పరంజా (స్టేజింగ్) బిల్లు మాత్రం రోజూ పెరుగుతూ.

దీనిని మా వాడుకలో గ్రోత్ ఆఫ్ వర్క్ అంటారు. విప్పితే గాని బయటపడని పని అన్నమాట. 2025 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త రక్షణ కొనుగోళ్ళ మాన్యువల్, ఓడల, విమానాల మరమ్మతులో ఇలాంటి పెరుగుదలకు 15 శాతం దాకా ముందుగానే చోటు కల్పించింది. నా దృష్టిలో మా రంగానికి ఇది ఎన్నో టన్నుల సిమెంటు కంటే విలువైన సంస్కరణ. అదే మాన్యువల్ కొన్ని కొనుగోళ్ళలో ఐదేళ్ళ దాకా ఆర్డర్ల హామీకి వీలిచ్చింది, ఆ వెసులుబాటు మరమ్మతు పనులకూ వర్తింపజేయాలని మేము ఇప్పుడు రాస్తున్నాము. వచ్చే ఏడాది ఏ ఓడ ఏ నెలలో వస్తుందో తెలియనప్పుడు ఏ బ్యాంకూ మా యంత్రానికి అప్పివ్వదు, మేమూ వెల్డర్లను ఉంచుకోలేము.

అలాగని డాక్ అక్కర్లేదని కాదు. డాక్ ఉండీ అనుభవం లేకపోతే ఏమవుతుందో విశాఖలో సింధుకీర్తి జలాంతర్గామి రీఫిట్ చూపించింది. అది 2006లో మొదలై 2015 దాకా సాగింది. ఆ తరువాత అదే తరగతికి చెందిన సింధువీర్ అదే యార్డులో రీఫిట్ పూర్తి చేసుకుని 2020లో మయన్మార్ నౌకాదళానికి చేరింది. మొదటి ఓడకు చెల్లించిన మూల్యంలో కొంత భాగం నేర్చుకోవడానికి చెల్లించిన ఫీజు. ఆ ఫీజు ఎవరు భరిస్తారన్నదే ప్రభుత్వ పెట్టుబడిలో అసలు ప్రశ్న.

అపోహ: కేంద్రం ప్రకటించిన ఓడల ప్యాకేజీలో మన వాటా ఎలాగూ ఉంది.

2025 సెప్టెంబరు 24న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 69,725 కోట్ల రూపాయల ప్యాకేజీ గురించి విన్నవారు ఇలా అంటారు. అందులో 24,736 కోట్ల ఆర్థిక సహాయ పథకం ప్రధానంగా కొత్త ఓడలు కట్టేవారిది. పాత ఓడను బాగుచేసినందుకు ఆ పద్దులో రూపాయి వస్తుందని లెక్కలు వేసుకోకూడదు. మరమ్మతుకు దక్కినవి వేరే ఉన్నాయి. 2021లో ఓడల మరమ్మతుపై జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది, 2024 బడ్జెట్టులో మరమ్మతుకు తెచ్చిన వస్తువులను తిరిగి పంపే గడువు ఆరు నెలల నుంచి ఏడాదికి పెరిగింది. అడిగేవాళ్ళం వచ్చినదేదో, రానిదేదో విడదీసి చెప్పకపోతే మొదటి పేజీలోనే నమ్మకం పోతుంది.

అపోహ: పెట్టుబడి అంటే ఖజానా నుంచి నగదు.

కొచ్చిన్ షిప్‌యార్డు మరమ్మతు కేంద్రాన్ని చూడండి. విల్లింగ్‌డన్ ద్వీపంలో పోర్టుకు చెందిన 42 ఎకరాలు లీజుకు తీసుకుని, 6,000 టన్నుల షిప్‌లిఫ్టుతో సుమారు 970 కోట్లు వెచ్చించి కట్టారు, 2024 జనవరిలో ప్రారంభమైంది. దానికి మూలం పోర్టు ఇచ్చిన స్థలం. మేము అడుగుతున్నదీ ఇలాంటిదే. పెయింట్ షెడ్డు కాక, దీర్ఘకాలపు లీజు, ఓడ ఒడ్డుకు చేరేదాకా తగిన లోతు ఉండేలా పూడిక తీయడం, బాగుచేసిన పంపులనూ వాల్వులనూ పరీక్షించే ఒక ఉమ్మడి టెస్ట్ బెంచి. టెస్ట్ బెంచి కోసం 2020లో మొదలైన రక్షణ పరీక్షా సదుపాయాల పథకం నమూనా ఉంది, అందులో 75 శాతం దాకా ప్రభుత్వ గ్రాంటుకు వీలు కల్పించారు. తమిళనాడు రక్షణ కారిడార్‌లో చెన్నై ఒక కేంద్రం కనుక ఈ దారి మూసి లేదు.

వేల ఉద్యోగాలు వస్తాయన్న మాట మా ప్రతిలో ఒక పెద్ద అంకెతో ఉండేది. దానిని కొట్టేయించాను. రీఫిట్ పని అలలాంటిది, ఓడ ఉన్నప్పుడు మనిషి చాలడు, లేనప్పుడు ఉన్న మనిషికి పని చాలదు. ఏడాది పొడవునా ఉండే వెల్డర్లూ ఫిట్టర్లూ ఎందరో లెక్కపెట్టి ఆ సంఖ్యే రాశాము. అది చిన్నదే.

బిల్లుల సంగతి కూడా చేర్చాము. 2006 నాటి చట్టం ప్రకారం చిన్న యూనిట్లకు 45 రోజుల్లో డబ్బు రావాలి. నేను పేరు చెప్పని ఒక సంస్థ నుంచి నాకు ఒక పంపు ఓవర్‌హాల్ బిల్లు డబ్బు పదకొండు నెలలకు వచ్చింది, అప్పటికి ఆ ఓడ మళ్ళీ సముద్రం మీదకు వెళ్ళి తిరిగొచ్చింది కూడా. వినతిపత్రంలో ఇంకొక్క పేజీ మిగిలి ఉంది. ఒడ్డు దగ్గర నీటి లోతుల పట్టిక అది. కొత్త సర్వే అంకెలు చేతికి వచ్చాకే దానిని నింపాలని అందరం అనుకున్నాము కనుక ప్రస్తుతానికి గళ్ళు మాత్రం గీసి ఉంచాము.