బడిలో భావోద్వేగ పాఠాలు: అపోహలు – వాస్తవాలు

హనుమకొండ చుట్టుపక్కల బడుల్లో టీచర్లకు భావోద్వేగ నైపుణ్యాల మీద శిక్షణ ఇవ్వడం నా పని. ఏ స్టాఫ్ రూములో కూర్చున్నా దాదాపు ఇవే మాటలు.

అపోహ: జీవితంలో గెలుపుకు ఐక్యూ 20 శాతం, ఈక్యూ (మన, ఎదుటివాళ్ల భావోద్వేగాలను అర్థం చేసుకుని నడుచుకునే నేర్పు) 80 శాతం.
వాస్తవం: ఇది వాట్సాప్ లెక్క. ఐక్యూ వాటా మహా అయితే 20 శాతమనీ, మిగతాది వేరే కారణాలదనీ ఈక్యూ మాటను జనంలోకి తెచ్చిన అమెరికా రచయిత డేనియల్ గోల్‌మన్ 1995లో రాశాడు. పుట్టిన ఇల్లు, అదృష్టం కూడా ఆ కారణాల్లో ఉన్నాయి. జనం మొత్తం 80నీ ఈక్యూ ఖాతాలో వేసేశారు.

అపోహ: కోపం రాని పిల్లాడే మంచి పిల్లాడు.
వాస్తవం: పరకాల వైపు ఒక బడి. ఎనిమిదో తరగతిలో మార్కులు పైకి చదువుతూ పేపర్లు ఇస్తున్నారు. ఒక పిల్లాడు తన పేపర్ను ఉండచుట్టి బెంచీ కింద పడేసిండు. మామూలుగా అయితే "ఏందిరా ఆ పొగరు?" అని పడేది. ఆ మేడం మాత్రం దగ్గరికి పోయి "ఎట్లున్నది బిడ్డా?" అని అడిగింది. "ఏం లేదు మేడం." గోడ మీద పిల్లలే రాసుకున్న చార్టు ఉంది: కోపం, బుగులు, రంది, సిగ్గు. వాడు వేలు పెట్టింది కోపం మీద కాదు, సిగ్గు మీద. కోపానికి చేసే మందు సిగ్గుకు పనిచేయదు. మేడం ఆ రోజు నుంచి మార్కులు పైకి చదవడం మానేసి, పేపర్లు బోర్లించి ఇస్తోంది. మా శిక్షణలో సగం పెద్దలు మారడం గురించే, అది ఎవరికీ పెద్దగా నచ్చదు.

అపోహ: సిలబస్సే పూర్తి కాదు, వీటికి టైమెక్కడిది?
వాస్తవం: బడుల్లో ఇలాంటి పాఠాలు నేర్పిన 213 కార్యక్రమాలు, 2.7 లక్షల మందికి పైగా విద్యార్థుల ఫలితాలను డర్లాక్ అనే పరిశోధకుడి బృందం 2011లో కలిపి చూసింది. చదువులో సగటున 11 పర్సంటైల్ పాయింట్ల మెరుగు కనిపించింది. అంటే నూరుమందిలో నడిమధ్య ఉన్న పిల్లాడు పదకొండు మందిని దాటినట్టు. అవి ఎక్కువగా అమెరికా బడులు, మన దగ్గర అంతే వస్తుందని నేను హామీ ఇవ్వను. అసలు చూడాల్సింది ఇంకోటి: బడి టీచర్లే నడిపినచోట మాత్రమే చదువులో ఈ మెరుగు స్పష్టంగా తేలింది. ఏడాదికోసారి మోటివేషనల్ స్పీకర్ని పిలిచి, శాలువా కప్పి పంపే బడులు ఈ మాట గమనిస్తే బాగుండు.

అపోహ: రోజూ కాసేపు కళ్లు మూసుకుని కూర్చోబెడితే చాలు.
వాస్తవం: బ్రిటన్‌లో 85 బడుల్లో, 8 వేల మందికి పైగా పిల్లలతో మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణం మీద ధ్యాస నిలిపే సాధన) పాఠాలను పరీక్షించారు. 2022లో వచ్చిన ఫలితం: మామూలు పాఠాలకంటే మేలేమీ కనబడలేదు.

అపోహ: ఆన్‌లైన్ టెస్టుతో పిల్లల ఈక్యూ తేలిపోతుంది.
వాస్తవం: "ఇతరుల బాధ నాకు అర్థమవుతుంది" అన్న వాక్యం పక్కన ఎవరు టిక్కు పెట్టరు? ఇలా తమకు తాము వేసుకునే మార్కుకూ, సందర్భాలు ఇచ్చి నైపుణ్యాన్ని కొలిచే పరీక్షలకూ పొంతన తక్కువ. ప్రోగ్రెస్ కార్డులో ఈక్యూ గడి పెడతామని అడిగేవాళ్లకు వద్దనే చెప్తాను, అమ్మానాన్నలకు తిట్టడానికి ఇంకో సబ్జెక్టు దొరుకుతుంది. రాయాలనుకుంటే కళ్లారా చూసింది రాయండి: "గొడవైతే ఇప్పుడు కొట్టకుండా వచ్చి చెప్తోంది."