విక్టోరియా హాలు: గడువు తీరిన 1985 దగ్గరే అసలు చిక్కు

చెన్నై సెంట్రల్ పక్కన, రిపన్ బిల్డింగ్‌కు ఇవతల ఎర్ర ఇటుకలతో నిలిచిన విక్టోరియా పబ్లిక్ హాలు గురించి ఊళ్లో మళ్లీ మాట నడుస్తోంది. ఏళ్ల తరబడి ఈ మాట ఒక్కటే: కూలుతుందా, నిలుస్తుందా? కోట్లు పెట్టి బాగుచేశాక ఆ భయం తీరింది. భయం తీరగానే దాని వెనకున్న ప్రశ్న ముందుకొచ్చింది. బాగుచేసింది దేనికి? నగర చరిత్ర చూపే ప్రదర్శనశాల కోసమా, సాయంత్రమైతే తెర లేచే వేదిక కోసమా? వేదికైతే రోజుకు అద్దె ఎంత, ఆ రోజులు ఎవరికి దక్కుతాయి?

రాబర్ట్ చిషోమ్ నమూనా, గోపురం సొగసు, రాణిగారి స్వర్ణోత్సవం పేరు పెట్టిన వైనం ఇవన్నీ చెన్నై మీద వచ్చిన ప్రతి వ్యాసంలోనూ ఉంటాయి. వాటిని వదిలేద్దాం. నేటి వాదానికి పనికొచ్చే తేదీ 1886 ఏప్రిల్ 1. ఆ రోజు నుంచి లెక్క మొదలయ్యేలా మద్రాసు పురపాలక సంఘం పీపుల్స్ పార్కులో 57 గ్రౌండ్ల నేలను, అంటే మూడెకరాల పైచిలుకును, హాలు ట్రస్టుకు 99 ఏళ్ల లీజుకిచ్చింది. గ్రౌండుకు ఎనిమిది అణాల చొప్పున అద్దె. మొత్తం కలిపితే ఇరవై ఎనిమిదిన్నర రూపాయలు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. నేల పురపాలక సంఘానిది, కట్టడం చందాలది. పట్టణానికి ఒక సభాభవనం కావాలని 1880ల మొదట్లో పెద్దలు కూడి తలపెట్టిన పని ఇది. రాజాలు, జమీందార్లు, వర్తకులు డబ్బిచ్చారు. 1883 డిసెంబరులో శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతి రాజు. కట్టిన కాంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ శెట్టి, తర్వాత మద్రాసు హైకోర్టు కట్టిన మనిషి. తెలుగువాళ్లు ఈ హాలును తమదిగా చెప్పుకోవడానికి ఈ రెండు పేర్లూ చాలు. అయితే నా దృష్టిలో అంతకంటే గట్టి కారణం ఇంకోటుంది, అది కట్టడం పూర్తయ్యాక జరిగింది.

1891లో బళ్లారి నుంచి సరస వినోదిని సభ వాళ్లు మద్రాసు వచ్చి ఈ వేదిక మీద తెలుగు నాటకాలు ఆడారు. ఆ సభను నడిపింది ధర్మవరం రామకృష్ణమాచార్యులు, వృత్తికి వకీలు. నాటకమాడటం మర్యాదస్తుల పని కాదని చదువుకున్న వర్గం తేల్చేసిన రోజులవి. వకీళ్లు, ఉద్యోగులు స్వయంగా వేషాలు కట్టి వేదికెక్కడం చూసినవాళ్లలో పద్దెనిమిదేళ్ల పమ్మల్ సంబంధ మొదలియార్ ఒకరు. అప్పటిదాకా తమిళ నాటకమంటే ఆయనకు చిన్నచూపు. ఆ ఏడాదే జూలై 1న మిత్రులతో కలిసి సుగుణ విలాస సభ పెట్టారు. ఆధునిక తమిళ నాటకానికి ఆద్యుడని తమిళులు చెప్పుకునే మనిషికి దారి చూపింది ఒక తెలుగు నాటక సమాజం, చోటిచ్చింది ఈ హాలు. ఆ సభ దశాబ్దాల పాటు ఇక్కడే నాటకాలాడింది. తమిళంతో పాటు తెలుగు నాటకాలూ దాని వేదికెక్కాయి. ధర్మవరం వారి మేనల్లుడు బళ్లారి రాఘవ కూడా ఆ సభలో నటించినవారే.

నాటకంతో ఆగలేదు. 1897లో అమెరికా నుంచి తిరిగొచ్చిన వివేకానందుడు తన కార్యప్రణాళికను మద్రాసు జనానికి వివరించింది ఇక్కడే. స్టీవెన్సన్ అనే ఫొటోగ్రఫీ దుకాణదారు కదిలే బొమ్మలను ఈ ఊరికి మొదటిసారి చూపించిందీ దాదాపు ఆ రోజుల్లోనే, ఈ కప్పు కిందే. 1909 ప్రాంతంలో రఘుపతి వెంకయ్య ఫొటో స్టూడియో తాకట్టుపెట్టి క్రోనోమెగాఫోన్ తెప్పించారు. బొమ్మకు గ్రామఫోను శబ్దం జోడించి చూపే ఆ యంత్రాన్ని ఆయన ముందుగా ప్రదర్శించిందీ ఈ హాల్లోనే. దేశమంతా తిరిగొచ్చి 1914లో మౌంట్ రోడ్డు దగ్గర గెయిటీ థియేటరు కట్టారు. తెలుగు సినిమాకు పితామహుడని ఆయన పేరుతో అవార్డు ఇస్తున్న మనం ఆ తొలి ప్రదర్శన జరిగిన చోటు గురించి ఏనాడూ గట్టిగా అడగలేదు.

ఈ మూడు సంగతుల్లోనూ ఉన్న పోలిక నేటి చర్చకు ముఖ్యం. బళ్లారి వకీలైనా, దుకాణదారైనా, అప్పుచేసి యంత్రం కొన్న ఫొటోగ్రాఫరైనా, వీళ్లెవరికీ ప్రభుత్వం పిలుపు పంపలేదు. అద్దె కట్టి హాలు తీసుకున్నారు, పని చేసుకున్నారు. పేరులేనివాడు ధైర్యంచేసి మొదటి అడుగు వేయడానికి ఊరి నడిబొడ్డున ఒక చోటు ఉండటమే విక్టోరియా హాలు చేసిన మేలు.

ఆ తర్వాత ప్రేక్షకుడు చెయ్యిజారాడు. సినిమా థియేటర్లు పెరిగాయి. 1930ల్లో సుగుణ విలాస సభ మౌంట్ రోడ్డులో సొంత చోటు చూసుకుంది. సంగీత నాటకాలు దక్షిణ చెన్నైకి తరలాయి. చిత్తూరు నాగయ్య చేతుల మీదుగా మొదలైన త్యాగరాయనగర్ వాణీ మహల్, 1962లో కొత్త ఆడిటోరియం కట్టుకున్న మ్యూజిక్ అకాడమీ, మైలాపూరు సభలు కొత్త తరాన్ని తమవైపు తిప్పుకున్నాయి. హాలుకు రాబడి తగ్గింది, ఖర్చు తగ్గలేదు. సముద్రపు గాలి తగిలే ఊళ్లో సున్నం ఇటుకల కట్టడానికి ఏటా ఏదో ఒక మరమ్మతు తప్పదు. ట్రస్టు చేతిలో మిగిలిన ఆస్తి చుట్టూ ఉన్న ఖాళీ నేల. ఆవరణలో హోటలు వచ్చింది, పెట్రోలు బంకు వచ్చింది, దుకాణాలు వచ్చాయి. హాలును పోషించాల్సిన నేల ఆ వ్యాపారాలను పోషించింది. లోపల హాలు మాత్రం దుమ్ముపట్టి మూలపడింది.

ఇక 1985. నా లెక్కలో ఈ కథంతా తిరిగేది ఈ సంవత్సరం చుట్టూనే. మార్చి నెలాఖరుతో 99 ఏళ్ల లీజు తీరింది. రెండు నెలలైనా గడిచాయో లేదో, మే 30న పక్కనున్న మూర్ మార్కెట్ తగలబడింది. పాత పుస్తకాలు, పాత సామాన్లు అమ్ముకునే వందల అంగళ్లు బూడిదయ్యాయి. ఆ నేల రైల్వేకు పోయింది. ఇవాళ సబర్బన్ రైళ్లాగే భవనం ఉన్నది అక్కడే. అంగళ్లవాళ్లను ఆ దగ్గర్లోనే అల్లికుళం కాంప్లెక్సులో సర్దారు.

రెండు ఘటనలకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. కానీ అవి కలిసి ఒక పని చేశాయి. సెంట్రల్ పక్కనున్న నేల ఖరీదు ఎంతో, అది ఎంత సులువుగా చేతులు మారగలదో అందరికీ ఒకేసారి తెలిసొచ్చింది. అప్పటి నుంచి విక్టోరియా హాలు గురించి నడిచిన ప్రతి వాదమూ నేల గురించిన వాదమే. గడువు తీరింది కాబట్టి నేలా, దాని మీది కట్టడమూ తనవేనని కార్పొరేషన్ అంది. కట్టడం చందాలతో లేచింది, దాన్ని చూసుకునే హక్కు తమదని ట్రస్టు అంది. కోర్టుల్లో ఏళ్లు దొర్లాయి. వ్యాజ్యం తేలేదాకా కట్టడానికి ఖర్చుపెట్టాల్సిన బాధ్యత ఎవరికీ లేకుండా పోయింది. గోపురం మీద రావి మొలకలు వేళ్లూనాయి. చివరికి 2000 దశకం చివర్లో హాలు కార్పొరేషన్ చేతికొచ్చింది.

హక్కు తేలింది గానీ, నాటకమాడేవాళ్లకు తలుపు తెరుచుకోలేదు. మరమ్మతులు మొదలై ఆగాయి. ముంగిట్లో మెట్రో తవ్వకాలు మొదలయ్యాయి. పక్కనే భూగర్భంలో స్టేషను కడుతుంటే శతాబ్దం దాటిన ఇటుక గోడకు ఏమవుతుందోనన్న ఆందోళన కొన్నేళ్లు నడిచింది. సెంట్రల్ మెట్రో స్టేషను 2018 మేలో తెరుచుకుంది. హాలు వంతు రావడానికి మరో ఐదేళ్లు పట్టింది. 2023లో సింగార చెన్నై 2.0 పథకం కింద 32 కోట్ల పైచిలుకు రూపాయలతో పునరుద్ధరణ చేపట్టారు.

పని తీరు గురించి మంచి మాట చెప్పాలి. పాత మద్రాసు కట్టడాలకు ఎక్కువ చేటు చేసింది సిమెంటు. సున్నం గోడ లోపలి చెమ్మను బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే నిలిచి, చౌడుపట్టి, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. అందుకే ఇలాంటి చోట్ల ముందు పాత సిమెంటు చెక్కేసి, గానుగ సున్నంతో మళ్లీ పూయాలి. టేకు దూలాలు పనికొచ్చినంత మేర ఉంచి, పుచ్చినచోట మాత్రమే కొత్త కర్ర అతకాలి. ఓపిక ఉన్న మేస్త్రీలు చేసే పని ఇది. టెండరు గడువులతో దానికి పొసగదు. అయినా ఆ దారిలో నడిచినందుకు ఇంజనీర్లను మెచ్చుకోవాలి.

కట్టడం చేతికొచ్చాక ఏం చేయాలన్న దగ్గరే రెండు పక్షాలయ్యాయి. కింది అంతస్తులో మ్యూజియం, పైన సాంస్కృతిక కార్యక్రమాలకు హాలు అన్నది పథకం. ఎక్కువ మంది తొక్కితే పాత కట్టడం తట్టుకోదని, ప్రజల సొమ్ముతో బాగుచేసిన దాని నిర్వహణ ఖర్చయినా వెనక్కి రావాలని అధికారుల వైపు వాదన. ఆ భయంలో నిజం లేకపోలేదు.

నాటక సమాజాల వాదన ఇంకొంచెం లోతుకు వెళుతుంది. పైన హాలు ఉందంటే సరిపోదు, అందులో నాటకం ఆడగలగాలి. విక్టోరియా హాలు మొదట ఉపన్యాసాలకు, సభలకు కట్టినది. కిందా పైనా ఆరేసి వందల మంది చొప్పున పట్టే రెండు హాళ్లు, ఒక చెక్క గ్యాలరీ. రంగాలంకరణ సామాను మేడ మీదికి ఎక్కించే దారి, వేషాలు కట్టుకోవడానికి గది, పక్కతెరల చాటున నిలబడే చోటు, లైట్లకు సరిపడా కరెంటు లోడు ఇవన్నీ ఇప్పుడే ఆలోచించి పెట్టకపోతే తర్వాత పెట్టడం కష్టం. వారసత్వ కట్టడం గనక గోడకు మేకు కొట్టాలన్నా అనుమతి కావాలి. వీటిని వదిలేస్తే ఆ హాల్లో జరిగేవి పుస్తకావిష్కరణలు, సన్మానాలు, కంపెనీల విందులు. వాటికి మైకు, కుర్చీలు చాలు. అద్దె కూడా అవే ఎక్కువ కట్టగలవు. ఎవరూ నిషేధించకుండానే నాటకం బయటికి పోతుంది.

అద్దె మాటకొస్తే వాళ్ల లెక్క ఇది. అయిన ఖర్చంతా అద్దెలోంచే రాబట్టాలని కూర్చుంటే చిన్న సమాజాలు గుమ్మం తొక్కలేవు. ఒక నాటకానికి ప్రదర్శన రోజుతో పాటు, అదే వేదిక మీద కనీసం ఒక రిహార్సల్ రోజు కావాలి. రెండు రోజులకూ పూర్తి అద్దె పడితే టిక్కెట్ల సొమ్ము హాలుకే చాలదు. అందుకే నెలలో కొన్ని రోజులు భాషతో నిమిత్తం లేకుండా ఔత్సాహిక సమాజాలకు తక్కువ అద్దెకు కేటాయించమంటున్నారు. మిగతా రోజుల రాబడితో నిర్వహణ చూసుకోవచ్చు. ఎగ్మూరు మ్యూజియం ఆవరణలోని థియేటరు పంతొమ్మిదో శతాబ్దపు కట్టడమే, ప్రభుత్వానిదే. అక్కడ దశాబ్దాలుగా నాటకాలు ఆడుతూనే ఉన్నారు, దాని పరువేమీ తగ్గలేదు. ఆర్మీనియన్ వీధిలో అనీబిసెంట్ కట్టించిన గోఖలే హాలు సంగతి వేరు. వాడకం తగ్గి, పట్టించుకునేవాళ్లు లేక, సగం కూల్చాక కోర్టు అడ్డుపడితే గానీ కూల్చివేత ఆగలేదు.

నాకు ఈ పక్షమే న్యాయంగా కనిపించడానికి ఇంకో కారణం ఊరి రూపం. చెన్నైలో మంచి వేదికలన్నీ దక్షిణాన ఉన్నాయి. తెలుగువాళ్లు తరతరాలుగా ఉంటున్నది మాత్రం జార్జిటౌన్, షావుకారుపేట, వాషర్‌మన్‌పేట, పెరంబూరు, వ్యాసర్పాడి వైపు. పనిచేసుకుని ఇంటికొచ్చిన కుటుంబం సాయంత్రం త్యాగరాయనగర్ దాకా వెళ్లి తెలుగు నాటకం చూసి రావడం అయ్యే పని కాదు. విక్టోరియా హాలు వాళ్లకు గుమ్మంలో ఉన్నట్టే. నెల్లూరు నుంచో సూళ్లూరుపేట నుంచో ఒక సమాజం వస్తే రైలు దిగి, పెట్టెలు పట్టుకుని నడిచి వెళ్లగలిగిన పెద్ద వేదిక ఇది. 1891లో బళ్లారి వాళ్లకు దొరికిన వెసులుబాటు ఇవాళ ఉత్తర చెన్నై తమిళ సమాజాలకూ దొరకాలి, మనకూ దొరకాలి.

ప్రదర్శనశాల వద్దని ఎవరూ అనడం లేదు. పగలు కింద మ్యూజియం, సాయంత్రం పైన నాటకం రెండూ ఒకే కప్పు కింద ఇమడగలవు, విడివిడి ప్రవేశాలు, వృద్ధులకు లిఫ్టు, అగ్నిప్రమాదం జరిగితే దిగడానికి రెండో దారి ఉంటే.

1985లో అందరూ నేల హక్కు గురించే కొట్లాడారు. హాలును ఏ షరతులతో ఎవరు నడపాలన్నది ఏ కాగితం మీదా తేలలేదు. ఆ లోటు పూడ్చే అవకాశం ఇప్పుడు కార్పొరేషన్ కౌన్సిల్ చేతిలో ఉంది. అద్దె పట్టిక, సమాజాలకు కేటాయించే రోజులు తీర్మానంగా రావాలి. నిర్వహణ సంఘంలో అధికారులతో పాటు రంగస్థలం తెలిసినవాళ్లూ ఉండాలి. బుకింగ్ మొదలుపెట్టకముందే ఈ పని జరగాలి. ఒకసారి వాణిజ్య ధరకు అలవాటుపడ్డ హాలును మళ్లీ కిందికి దించడం ఏ కౌన్సిల్ వల్లా కాదు.