ఇల్లు కాలలేదుగా, ఇంకేం పోయింది? కార్చిచ్చు తర్వాత ఆదివాసీ కుటుంబాలు: అపోహలు - వాస్తవాలు

కెనడాలో, ముఖ్యంగా ఆల్బర్టా రాష్ట్రం ఉత్తరాన, కార్చిచ్చు చల్లారిన వారానికే ఒక మాట మొదలవుతుంది: "వాళ్ళ ఇల్లు బాగానే ఉందటగా, ఇంకా క్లెయిము ఏమిటి?" ఇన్సూరెన్స్ అడ్జస్టర్లు (నష్టం లెక్కగట్టేవాళ్ళు) అంటారు, సహాయ శిబిరాల్లో వాలంటీర్లు అంటారు. ఎడ్మంటన్, కాల్గరీల్లో ఇలాంటి ఉద్యోగాల్లో ఉన్న మన తెలుగువాళ్ళూ అంటారు. చివరికి ఆ కుటుంబాలే దాన్ని నమ్మి, ఫారం నింపకుండా వెనక్కి వెళ్ళిపోతాయి. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే కాబట్టి, ఆ కుటుంబాలకు సాయపడేవాళ్ళ కోసం, ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: ఇల్లు నిలబడి ఉంటే నష్టం లేనట్టే.

2023 మే 30న ఫోర్ట్ చిపెవయన్‌ను ఖాళీ చేయించారు. అథబాస్కా చిపెవయన్, మికిసూ క్రీ, మేటీ (ఆదివాసీ, ఐరోపా మిశ్రమ సంతతి) కుటుంబాలు ఉండే ఊరది. శీతాకాలంలో మంచు మీద వేసే దారి తప్ప ఏడాది పొడవునా నడిచే రోడ్డు లేదు. పడవల్లో, విమానాల్లో బయటపడ్డారు. ఊరు దక్కింది, కానీ జనం తిరిగి రావడానికి సుమారు మూడు వారాలు పట్టింది. మూడు వారాలు మనుషులు లేని ఇంట్లో ఏం పాడవుతుందో తెలియాలంటే ముందు డీప్ ఫ్రీజర్ దగ్గరికి వెళ్ళాలి.

ఉత్తరాది ఇంట్లో ఫ్రీజర్ అంటే మన పల్లెల్లో గాదె. మూస్ (పెద్ద దుప్పి లాంటి జంతువు) మాంసం, చేపలు, పెద్దబాతులు, ఏరుకొచ్చిన బెర్రీలు, అన్నీ అందులోనే. ఒక పెద్ద మగ మూస్ నుంచి 200 కిలోల దాకా మాంసం వస్తుంది, దాన్ని నాలుగైదు ఇళ్ళు పంచుకుంటాయి. మూత తీయకపోతే నిండు ఫ్రీజర్ కరెంటు లేకుండా 48 గంటలు, సగం నిండినది 24 గంటలు ఓర్చుకుంటుంది. అసలు ప్రమాదం కరెంటు పోయి మళ్ళీ వచ్చిన ఇళ్ళలో. మాంసం కరిగి, పాడై, మళ్ళీ గడ్డకడుతుంది. పైకి తేడా కనబడదు. కవరు అడుగున నెత్తుటి నీళ్ళు పలకలా గడ్డకట్టినా, విడివిడిగా పెట్టిన పొట్లాలు ఒకదానికొకటి అతుక్కున్నా అది ఒకసారి కరిగినట్టే. తినకూడదు. ఇల్లు వదిలేముందు అర నిమిషం దొరికితే, ఫ్రీజర్‌లో గడ్డకట్టిన గ్లాసు నీళ్ళ మీద ఒక నాణెం పెట్టి రమ్మనండి. తిరిగొచ్చేసరికి నాణెం మంచులో దిగిపోయి ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

కరెంటు లేక వారం దాటిన ఫ్రీజర్‌ను ఇంట్లో తెరవనే కూడదు. లోపలి ద్రవం నేల చెక్కల్లోకి దిగితే ఆ నేల కూడా పీకాల్సి వస్తుంది. బయటి నుంచి ఫొటో, మోడల్ నంబరు పలక ఫొటో తీసి, డక్ట్ టేపు రెండు మూడు చుట్లు చుట్టి, పట్టీ బిగించి, అలాగే ట్రాలీ మీద బయటికి తీసుకెళ్ళాలి. ఆ తర్వాత కూర్చుని జాబితా రాయించాలి: ఎవరు వేటాడారు, ఏ నెలలో, ఎన్ని పొట్లాలు, సుమారు ఎన్ని కిలోలు. పంచుకున్న ఇళ్ళవాళ్ళు సాక్షులు.

ధర దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ఆల్బర్టాలో వేట మాంసం అమ్మడం నేరం, అందువల్ల దానికి మార్కెట్ రేటు ఉండదు. "రేటు లేదు కాబట్టి విలువ లేదు" అని ఎవరైనా సున్నా వేస్తే ఒప్పుకోకండి. ఆ కుటుంబం ఇప్పుడు దాని బదులు ఏం కొనుక్కోవాలి? ఆ ఊరి దుకాణంలో బీఫ్. విమానంలోనో మంచు దారి మీదో వచ్చిన ఆ బీఫ్ ధర నగరంలోని ధర కాదు. అక్కడి ధర చీటీ ఫొటో జతచేసి, కిలోలతో గుణించి రాయండి. పాడైన ఆహారానికి పాలసీలో సాధారణంగా విడిగా ఒక పరిమితి ఉంటుంది. అదెంతో అడ్జస్టర్ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. అది చాలకపోతే మిగతా లెక్క బ్యాండ్ ఆఫీసుకూ (ఆదివాసీ సమాజపు స్థానిక పాలనా కార్యాలయం), రెడ్‌క్రాస్ కేస్‌వర్కర్‌కూ ఇవ్వాలి.

ఇక పొగ. కిటికీలు మూసి ఉన్నా సన్నటి మసి లోపలికి వస్తుంది. ఫర్నేస్ (ఇల్లు వేడిచేసే యంత్రం) ఆన్ చేస్తే అది గదిగదికీ చేరుతుంది. కాబట్టి ఫిల్టర్ మార్చేదాకా ఆన్ చేయకూడదు. ఫర్నేస్ తట్టుకోగలిగితే సన్నటి మసిని పట్టే మెర్వ్ 13 ఫిల్టర్ వేయండి, శుభ్రం పూర్తయ్యాక మళ్ళీ మార్చండి. చీపురుతో ఊడ్చడం, మామూలు వాక్యూమ్ వాడటం రెండూ తప్పే; దుమ్ము లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. హెపా వాక్యూమ్ (సన్నటి దుమ్మునూ పట్టే ఫిల్టర్ ఉన్నది), ముఖానికి ఎన్-95 మాస్కు కావాలి. గోడల మీది మసిని ముందు పొడి స్పాంజితో, రుద్దకుండా, ఒకే దిశలో పైనుంచి కిందికి తీయాలి. తడిగుడ్డ తర్వాత. ముందే తడి తగిలిస్తే మసి గోడలోకి ఇంకిపోతుంది. పాత ఇళ్ళ అటక మీద మెరిసే గులకల్లాంటి వర్మిక్యులైట్ పరిచి ఉంటే దాన్ని కదపకండి, అందులో ఊపిరితిత్తులకు ప్రమాదకరమైన ఆస్బెస్టాస్ ఉండొచ్చు.

రిజర్వ్‌లలో (ఆదివాసీ సమాజాలకు కేటాయించిన భూముల్లో) చాలా ఇళ్ళకు నీళ్ళు ట్రక్కులో తెచ్చి సిస్టర్న్‌లో (నీళ్ళ తొట్టిలో) పోస్తారు. మూత సందుల్లోంచి బూడిద పడితే నీళ్ళు కాచి తాగడం పరిష్కారం కాదు. కాచితే క్రిములు చస్తాయి, రసాయనాలు పోవు. కాలిఫోర్నియాలో 2017లో శాంటారోజాలో, 2018లో పారడైజ్‌లో మంటల తర్వాత నీటి గొట్టాల్లో బెంజీన్ అనే విష రసాయనం తేలింది. తొట్టి ఖాళీ చేసి, కడిగి, కొత్త నీళ్ళు పోయించాలి.

ఊరి బయట పోయినవి ఎవరూ అడగరు. ట్రాప్‌లైన్ (జంతువుల కోసం ఉచ్చులు పెట్టే అడవి దారి) మీది క్యాబిన్, వలలు, పడవ, ఉచ్చులు, స్నోమొబైల్, చేపలు పొగబెట్టే గుడిసె. ఇంటి చిరునామా ఒక్కటే అడిగే ఫారంలో ఇవేవీ పట్టవు. మ్యాప్ ముందు పెట్టి "ఏడాదిలో ఎక్కడెక్కడికి వెళ్తారు?" అని అడగండి, జాబితా దానంతట అదే వస్తుంది. డోలు, పొగ తాగే పైపు, గద్ద ఈకల్లాంటి పవిత్ర వస్తువులకు పొగ పడితే శుభ్రం చేసే కాంట్రాక్టరు సంచిలో వేయనివ్వకండి. ఏం చేయాలో ఆ సమాజపు పెద్దలు చెప్తారు.

అపోహ: రిజర్వ్‌లో ఇల్లు పోతే ప్రభుత్వం ఉచితంగా కట్టిస్తుంది.

రిజర్వ్‌లో చాలా ఇళ్ళు బ్యాండ్ పేరు మీద ఉంటాయి. కట్టడానికి బీమా ఉంటే అదీ బ్యాండ్ పేరునే. లోపలి సామాన్లకు కుటుంబం విడిగా అద్దెదారు పాలసీ తీసుకుని ఉంటేనే డబ్బు వస్తుంది. ఈ సంగతి మంటల తర్వాత తెలిసిన కుటుంబాలే ఎక్కువ, వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. ఫెడరల్ సాయం ఫస్ట్ నేషన్ (ఆ ఆదివాసీ సమాజపు) ప్రభుత్వానికి వెళ్తుంది, నేరుగా కుటుంబం ఖాతాకు కాదు. మేటీ సెటిల్‌మెంట్లు రిజర్వ్‌లు కావు. వాళ్ళ దారి రాష్ట్ర విపత్తు పథకం. బీమా చేయించుకోవడానికి వీలున్న నష్టానికి అందులో సాధారణంగా డబ్బు రాదు. డబ్బు మంజూరైనా ఇల్లు వెంటనే లేవదు. 2023 మేలో ఇళ్ళూ దుకాణమూ కాలిన ఫాక్స్ లేక్ అనే ఆదివాసీ ఊరికి కలప చేరాలంటే పీస్ నదిని వేసవిలో బల్లకట్టు మీద, చలికాలంలో మంచు మీద దాటాలి.

అపోహ: ఒక ఇంటికి ఒక రిజిస్ట్రేషన్ చాలు.

ఒకే కప్పు కింద అవ్వాతాతలు, ఇద్దరు కొడుకుల కుటుంబాలు, పెంచుకుంటున్న మేనకోడలు ఉంటారు. చిరునామాతో నమోదు చేస్తే ఒక్క కుటుంబంగానే లెక్క. 2016 ఫోర్ట్ మెక్‌ముర్రే మంటలప్పుడు రెడ్‌క్రాస్ పెద్దవాళ్ళకు 600, పిల్లలకు 300 డాలర్ల చొప్పున నేరుగా పంపింది. ఇలా తలసరి ఇచ్చేచోట ఒక పేరు వదిలేస్తే ఆ డబ్బు పోయినట్టే. ప్రతి కుటుంబాన్నీ విడిగా రాయించండి. ఈమెయిల్ లేని పెద్దవాళ్ళ డబ్బు మనవడి ఖాతాకు మళ్ళించకుండా, బ్యాంకుకు వెంట వెళ్ళి వాళ్ళ ఖాతాకే వచ్చేలా చూడండి. బ్యాండ్ ఆఫీసులో పేరు ఇచ్చినంత మాత్రాన రెడ్‌క్రాస్‌లో, ఇన్సూరెన్స్‌లో నమోదు కాదు. మూడు చోట్లా విడిగా ఇవ్వాలి, మూడు రసీదు నంబర్లూ ఒకే కాగితం మీద రాసుకోవాలి.

అపోహ: ఫారం నింపడం లేదంటే వాళ్ళకు సాయం అక్కర్లేదు.

ఆదివాసీ పిల్లల్ని ఇళ్ళ నుంచి బలవంతంగా తీసుకెళ్ళిన రెసిడెన్షియల్ స్కూళ్ళలో చివరివి మూతపడింది 1990లలోనే. అందులో చదివినవాళ్ళు ఈ రోజు అవ్వాతాతలు. బస్సులో ఎక్కించి తెలియని ఊరికి తీసుకెళ్ళడం వాళ్ళకు దేన్ని గుర్తుచేస్తుందో ఆలోచించండి. "పిల్లలు ఎక్కడ పడుకుంటున్నారు?" అని ఓ కొత్త మనిషి కాగితం చేతపట్టి అడిగితే, పిల్లల్ని తీసుకుపోతారేమోనన్న భయం వస్తుంది. ఆ భయానికి చరిత్ర ఉంది. ఈ వివరాలు ఎవరు చూస్తారో, ఎవరికి ఇవ్వరో ముందే చెప్పండి. ఆ సమాజం నుంచి ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. మొదటి రోజే అన్నీ అడగాల్సిన పని లేదు.

మిగతావి త్వరగా.

స్టేటస్ కార్డు (ఫస్ట్ నేషన్ సభ్యులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) కాలిపోతే మందులు ఆగిపోవు. పేరు, పుట్టిన తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే ఫార్మసీ చూసుకుంటుంది. వేడి తగిలిన ఇన్సులిన్ మాత్రం పారేసి కొత్తది తీసుకోవాలి.

పాత బట్టల మూటలు పంపొద్దు. వాటిని వేరుచేయడానికి మనుషులు, పెట్టడానికి గోదాము కావాలి. కొత్త ఫ్రీజర్, వలలు, పెట్రోలు కార్డులు అడిగి పంపండి.

"వాళ్ళు నిప్పు పెట్టడం వల్లే అడవులు తగలబడ్డాయి" అన్నది పుకారు. వసంతంలో నేల ఇంకా తడిగా ఉండగా గడ్డిని చిన్న మంటలతో కాల్చడం వాళ్ళ పద్ధతి, దానివల్ల ఎండు సరుకు (పెద్ద మంటకు ఆహారమయ్యే ఎండు గడ్డి, పుల్లలు) తగ్గుతుంది. పక్క రాష్ట్రం బ్రిటిష్ కొలంబియా 1874 చట్టంతోనే అలాంటి మంటల్ని అణచడం మొదలుపెట్టింది. ఎండు సరుకు పేరుకుపోవడానికి అదొక కారణం.

మంట ఆరిందని వెంటనే ట్రాప్‌లైన్‌కు పోవడం కూడా ప్రమాదమే. నేల కింద వేళ్ళు కాలి గుంటలవుతాయి, పైన బూడిద చదునుగా కనిపిస్తుంది, లోపల వారాల తరబడి నిప్పు ఉంటుంది. వేళ్ళు కాలిన చెట్లు గాలి లేకపోయినా పడతాయి. కర్రతో ముందు నేల పొడిచి చూస్తూ, ఇద్దరికి తక్కువ కాకుండా, గాలి లేని రోజున వెళ్ళాలి. నష్టం ఫొటోలు కూడా అప్పుడే తీసుకోవచ్చు.