ఎక్కడ పెట్టానబ్బా! జపనీస్, ఇంగ్లీషుల్లో తనలో తాను మాట్లాడుకోవడం: అపోహలు - వాస్తవాలు

జపనీస్ నేర్పేటప్పుడు ప్రతి బ్యాచ్‌కీ ఒక మాట చెప్తాను: "ఇంట్లో మీలో మీరే మాట్లాడుకోండి." అనగానే బయటికొచ్చే అపోహలివి.

అపోహ: ఒంటరిగా మాట్లాడుకుంటే పిచ్చి.

వాస్తవం: చిన్నపిల్లలు ఆడుకుంటూ పైకి అనుకునే మాటలే పెద్దయ్యాక లోపలి ఆలోచనగా మారతాయని సోవియట్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ 1930ల్లోనే రాశాడు. అయినా, తాళాలు కనపడనప్పుడు "ఎక్కడ పెట్టానబ్బా" అనని వాళ్లెవరు?

అపోహ: ఎదుటివాళ్లతో అనే వాక్యాన్నే మెల్లగా అనుకుంటే సరిపోతుంది.

వాస్తవం: జపనీస్‌లో సరిపోదు. పుస్తకాల్లో ముందు నేర్పే 'దెసు', 'మసు' అనే వాక్యం చివరి ముక్కలు ఎదుటి మనిషి కోసం. మన 'అండీ' లాగా. ఒక్కరే ఉన్నప్పుడు ఆ మర్యాద ఎవరికి? మా స్టూడెంట్ ఒకతను జేబులు తడుముకుంటూ "సైఫు వ దొకొ దెసు క" అన్నాడు. వ్యాకరణం తప్పు లేదు. కాకపోతే "పర్సు ఎక్కడుందండీ" అని తన జేబునే అడిగినట్టుంది. జపాన్ వాళ్లయితే "దొకొ ని ఒఇత క్కె" అంటారు, అంటే 'ఎక్కడ పెట్టానబ్బా'. ఆ 'క్కె' గుర్తు తెచ్చుకోడానికి తంటాలు పడేటప్పుడు వచ్చే ముక్క. ఒకప్పుడు దీని మీద క్లాసంతా అయిపోయేది. ఇప్పుడు "మన 'అబ్బా' అనుకోండి" అంటాను, అయిపోతుంది. 'రేపు వాన పడుతుందేమో' అనుకోవాలంటే 'కన': "అష్త, అమె కన." 'క్కె', 'కన' రెండూ ఎదుటివాళ్లతో మాట్లాడేటప్పుడు కూడా వాడతారు. 'యో' మాత్రం ఎదుటివాళ్లకు విషయం చెప్పే ముక్క, ఒంటరి మాటల్లో దాదాపు వినపడదు.

అపోహ: ఇంగ్లీషువాళ్లు తమను తాము 'ఐ' అనే అనుకుంటారు.

వాస్తవం: తిట్టుకోవాల్సి వస్తే 'యూ' దిగుతుంది: "వాట్ ఆర్ యూ డూయింగ్?" మనమూ అంతే, "బుద్ధుందా నీకు?" కానీ తలనొప్పి వస్తే "యూ హావ్ ఎ హెడేక్" అని ఎవరూ అనుకోరు. నొప్పి పడేది 'ఐ', చీవాట్లు తినేది 'యూ'. జపనీస్‌లో మామూలుగా కర్తనే పలకరు. తిట్టుకునేటప్పుడు మాత్రం 'నేను' వచ్చి వాక్యం చివర కూర్చుంటుంది: "నాని యత్తెన్ ద, ఒరె." ఏం చేస్తున్నాను, నేను! 'ఒరె' అంటే మగవాళ్లు చనువుగా వాడే 'నేను'. మన 'ఒరే' అనుకుని క్లాసు ఘొల్లుమంటుంది. అర్థం అదే కాకపోయినా అక్కడ భలే అతికింది.

అపోహ: జపాన్ వాళ్లు మితభాషులు, పైకి మాట్లాడుకోరు.

వాస్తవం: అక్కడ రైలు డ్రైవర్ సిగ్నల్ వైపు వేలు చూపించి, దాని స్థితిని పైకి అంటాడు. దీన్ని 'షిసా కంకో' అంటారు. 1994లో అక్కడి రైల్వే పరిశోధన సంస్థ చేసిన ప్రయోగంలో, ఏమీ చేయనప్పుడు 100 పనులకు 2.38గా ఉన్న తప్పులు, ఇలా వేలు చూపి పలికితే 0.38కి తగ్గాయి. నాకూ అదే అలవాటైంది. ఇల్లు తాళం వేసే ముందు స్టవ్ వైపు వేలు చూపించి "గ్యాసు, యోషి!" అంటాను. 'యోషి' అంటే 'అంతా సరిగ్గా ఉంది' అని. మొదట్లో మా ఆవిడ నవ్వేది. ఇప్పుడు "గీజరు, యోషి" తన డ్యూటీ.