ఇంగ్లీషులో ‘ప్రధానం’ అనే అర్థమిచ్చే మాటలు: అపోహలు - వాస్తవాలు

పోటీ పరీక్షల అభ్యర్థులకు ఇంగ్లీషు వ్యాకరణం బోధించే నాకు ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ ఒకే జాబితా ఎదురవుతుంది. ‘మెయిన్’ అనే మాటకు పర్యాయపదాలంటూ చీఫ్, ప్రిన్సిపల్, ప్రైమ్, ఫోర్‌మోస్ట్, పారమౌంట్, సుప్రీమ్ అని వరుసగా రాసి, కింద ‘ఏది వాడినా ఒకటే’ అని ముగించిన ఆ జాబితా వాట్సాప్‌లో చేతులు మారుతూనే ఉంది. దాన్ని నమ్మి మార్కులు పోగొట్టుకున్నవారిని చూసి చూసి ఇది రాస్తున్నాను.

అపోహ: ఈ విశేషణాలలో దేని స్థానంలో దేన్నయినా వాడవచ్చు.

వాస్తవం: అర్థాలు దగ్గరివే అయినా వాక్యంలో వాటి స్థానాలు వేరు. తెలుగులో ‘ఇదే ప్రధాన కారణం’ అంటాము, ‘ఈ కారణమే ప్రధానం’ అని కూడా అంటాము. రెండూ చక్కటి వాక్యాలే. ఇంగ్లీషులో ‘దిస్ ఈజ్ ద మెయిన్ రీజన్’ సరైనది, ‘దిస్ రీజన్ ఈజ్ మెయిన్’ తప్పు. మెయిన్, చీఫ్ అనేవి నామవాచకానికి ముందే నిలుస్తాయి, క్రియ తరువాత ఒంటరిగా నిలవలేవు. ప్రిన్సిపల్ కూడా దాదాపు అంతే. క్రియ తరువాత ఆ భావం కావాలంటే ‘ఇంపార్టెంట్’ ఉంది, అంతకన్నా బలంగా చెప్పాలంటే ‘సేఫ్టీ ఈజ్ పారమౌంట్’ అన్నట్టు పారమౌంట్ ఉంది. మన భాషలో లేని ఈ కట్టుబాటును ఎవరూ విడమరచి చెప్పకపోవడం వల్లనే, తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసే ప్రతి విద్యార్థీ ఇక్కడ తడబడతాడు. అందులో అతని తెలివితక్కువతనం ఏమీ లేదు.

పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన ఒక అమ్మాయి, ఇంటర్వ్యూ కోసం రాసుకున్న స్వపరిచయాన్ని ఒక సాయంత్రం నా దగ్గరకు తెచ్చింది. ‘మై ఫ్యామిలీ ఈజ్’ అన్న తరువాత నీలి సిరాతో రాసిన ‘ఇంపార్టెంట్’ను రెండు గీతలతో కొట్టేసి, పైన ఎర్ర సిరాతో ‘చీఫ్’ అని దిద్దుకుంది. ఎందుకమ్మా అంటే, చిన్న మాటలు వాడితే బోర్డువాళ్లు లోకువగా చూస్తారని ఎవరో చెప్పారట. ఈ పుకారును పుట్టించినవారి మీద నాకు నిజంగా కోపం వస్తుంది. ఆమె కొట్టేసిన మాటే సరైనది. మెయిన్ రోడ్డును ఎవరూ సుప్రీమ్ రోడ్డు అనరు. మాట పెద్దదైనంత మాత్రాన వాక్యం పెద్దది కాదు.

ఇక పదవుల పేర్లలో ఈ మాటలు స్థిరపడిపోయాయి. చీఫ్‌కు మూలమైన లాటిన్ పదానికి తల అని, ప్రైమ్‌కు మూలమైన దానికి మొదటిది అని అర్థం. మనం అనువదించుకున్నప్పుడు చీఫ్ మినిస్టర్ ముఖ్యమంత్రి అయ్యారు, చీఫ్ జస్టిస్ మాత్రం ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. చీఫ్ సెక్రటరీ ప్రధాన కార్యదర్శి, ప్రిన్సిపల్ సెక్రటరీ ముఖ్య కార్యదర్శి. పార్టీలలో జనరల్ సెక్రటరీని కూడా ప్రధాన కార్యదర్శి అనే అంటాము. అందువల్ల తెలుగు పేరును పట్టుకుని ఇంగ్లీషు పదవిని ఊహించడం ప్రమాదకరం. పారమౌంట్ అనే మాటకైతే మన నేల మీదే చరిత్ర ఉంది: 1926లో వైస్రాయ్ రీడింగ్ నిజాముకు లేఖ రాస్తూ భారతదేశంలో బ్రిటిష్ రాజ్య సార్వభౌమత్వమే సుప్రీమ్ అని తేల్చి చెప్పాడు, సంస్థానాల మీద ఆ పెత్తనానికి పారమౌంట్సీ అని పేరు. తన పైన మరొకరు లేని స్థితికి తగిన మాటలివి. వాటిని అభిమాన సబ్జెక్టుకు తగిలించకూడదు.

అపోహ: ‘మోస్ట్’ చేరిస్తే బలం పెరుగుతుంది.

వాస్తవం: సుప్రీమ్ అనేది లాటిన్‌లోనే ‘అన్నిటికన్నా పైది’ అనే రూపం, ఫోర్‌మోస్ట్‌లో మోస్ట్ ఇప్పటికే ఉంది. సీనియర్, సుపీరియర్ అనే వాటికి ముందు ‘మోర్’ రాదు, తరువాత ‘దాన్’ కాకుండా ‘టు’ వస్తుంది. తప్పులను గుర్తించే ప్రశ్నలలో ఇవి తరచుగా వస్తాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు జరిగే ఎస్ఎస్‌సీ సీజీఎల్ పరీక్ష మొదటి దశలో ఒక తప్పు జవాబుకు అర మార్కు కోత.

అపోహ: అప్పు పత్రంలోని ‘ప్రిన్సిపల్’ అంటే ముఖ్యమైన షరతు.

వాస్తవం: అక్కడ అది నామవాచకం, అసలు అని అర్థం. నియమం అనే అర్థమిచ్చే ‘ప్రిన్సిపుల్’ స్పెల్లింగు వేరు, ఉచ్చారణ ఒకటే.

అపోహ: ‘పెనల్టిమేట్’ అనేది అల్టిమేట్ కన్నా గొప్పది.

వాస్తవం: చివరి దానికి ముందున్నది అని మాత్రమే దాని అర్థం. ఇంటర్న్‌షిప్ ప్రకటనలో ‘పెనల్టిమేట్ ఇయర్’ విద్యార్థులు కావాలని ఉంటే, నాలుగేళ్ల బీటెక్‌లో అది మూడో సంవత్సరం.